నీళ్ళ దాకా ఎంత నడవాలి? లాంగ్ ఐలాండ్ ఉత్తర తీరంలో ఎవరితో ఏ ఎస్టేట్‌కి వెళ్ళాలి

మా అమ్మానాన్నలు మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు అందరూ చూపించేవే నేనూ చూపించాను. లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్, నయాగరా. అవన్నీ అయ్యాక ఒక ఆదివారం పొద్దున్నే అమ్మ "చెట్లూ నీళ్ళూ ఉన్న చోటికి తీసుకెళ్ళరా, ఈ మేడల్ని చూసీ చూసీ మెడ పట్టేసింది" అంది. వెంటనే న్యూయార్క్ పక్కనే ఉన్న లాంగ్ ఐలాండ్ ఉత్తర తీరంలో, ఒకప్పుడు ధనవంతుల ఎస్టేట్‌గా ఉండి ఇప్పుడు పార్కయిన కామ్‌సెట్‌కి బయల్దేరదీశాను. ఫోటోల్లో కొండమీద ఎర్ర ఇటుకల భవనం, దాని కింద చెరువు, ఆ వెనక సముద్రం ఉన్నాయి. తీరా కారు దిగి చూస్తే పాత పశువుల కొట్టాలు, పచ్చిక బీడు, ముందుకి పోయే ఒక తారు రోడ్డు. సముద్రం జాడే లేదు. అది అక్కణ్ణుంచి మైలు పైచిలుకు నడిస్తే గానీ రాదు, వచ్చిన దారినే తిరిగి రావాలి. సగం దారిలో అమ్మ చెట్టుకింద కూలబడి "సముద్రం ఫోటోలోనే వదిలేసి వచ్చావేమిట్రా?" అంది. తప్పు ఆ చోటుది కాదు, ముందే మ్యాపు చూడని నాది.

ఆ తర్వాత చుట్టుపక్కల అలాంటివి నాలుగైదు తిరిగాక నాకు అర్థమైంది ఒక్కటే. ఏ భవనం అందంగా ఉందన్నది రెండో సంగతి. కారు ఆపిన చోటు నుంచి నీళ్ళ దాకా ఎంత నడవాలి, తిరిగొచ్చేటప్పుడు ఎంత ఎక్కాలి, ఈ రెండూ తెలిస్తే ఎక్కడికి వెళ్ళాలో సగం తేలిపోతుంది. అన్ని చోట్లా "వాటర్‌ఫ్రంట్" అనే రాస్తారు. కొన్నిచోట్ల ఆ నీళ్ళలో కాళ్ళు తడుపుకోవచ్చు, కొన్నిచోట్ల పైనుంచి చూసి దణ్ణం పెట్టుకోవడమే.

ఇలా ఉండటానికి కారణం నేలలోనే ఉంది. దాదాపు 20 వేల ఏళ్ళ కిందట ఉత్తరం నుంచి దిగిన మంచుపలక ఇక్కడి దాకా వచ్చి ఆగి, తనతో మోసుకొచ్చిన మట్టినీ రాళ్ళనీ గుట్టలుగా వదిలి కరిగిపోయింది. అందుకే లాంగ్ ఐలాండ్ దక్షిణ తీరం జోన్స్ బీచ్‌లా చదునుగా ఇసుకమయంగా ఉంటే, ఉత్తర తీరమంతా నిటారైన మట్టిగట్లు, ఒడ్డు పొడుగునా ఏనుగు గున్నలంత బండలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రైళ్ళలో, చమురులో, గనుల్లో డబ్బు గడించినవాళ్ళు ఆ గట్ల మీద ఇళ్ళు కట్టుకున్నారు. ఈ తీరానికి గోల్డ్ కోస్ట్ అన్న పేరు అలా వచ్చిందే. 1913లో ఆదాయపు పన్ను, 1929 తర్వాత మాంద్యం వచ్చిపడ్డాక ఆ ఇళ్ళని పోషించడం వారసుల వల్ల కాలేదు. చాలా వాటిని పడగొట్టి స్థలాలు ముక్కలు చేసి అమ్ముకున్నారు. ప్రభుత్వం చేతికి వచ్చినవాటిలో కొన్ని మాత్రం అడవితో సహా మనకి మిగిలాయి. ఇల్లు పైన, నీళ్ళు కింద. ఈ అమరిక అన్నింటికీ ఒకటే, మధ్య దూరమే వేరు.

పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను కళ్ళు మూసుకుని చెప్పేది సాండ్స్ పాయింట్ ప్రిజర్వ్. పోర్ట్ వాషింగ్టన్ పక్కన, 216 ఎకరాలు. కారు దిగితే కోట కనిపిస్తుంది, ఇంకాస్త ముందుకి నడిస్తే పెద్ద భవనం, దాని వెనక పచ్చిక, పచ్చిక అంచున లాంగ్ ఐలాండ్ సౌండ్ అనే సముద్రపు పాయ. ఒడ్డుకి దిగే దారి పొడుగైనది కాదు. దిగలేనివాళ్ళు పచ్చిక మీద కూర్చున్నా నీళ్ళు ఎదురుగానే ఉంటాయి. కారుకి దగ్గర్లోనే కూర్చుని నీళ్ళు చూసే ఈ సౌకర్యం కామ్‌సెట్‌లో లేదు, తర్వాత చెప్పబోయే సాగమోర్ హిల్‌లోనూ లేదు.

కోట కథ మా నాన్నగారికి తెగ నచ్చింది. రైల్వే కుబేరుడు జే గూల్డ్ కొడుకు హోవర్డ్ గూల్డ్, నటి అయిన తన భార్య కోసం ఐర్లండ్‌లోని కిల్కెన్నీ కోటలాంటిది కట్టాలనుకున్నాడు. 1904కి పూర్తయిన ఆ కోటలాంటి కట్టడం, అదే కాసిల్ గూల్డ్, నిజానికి గుర్రాలకీ పనివాళ్ళకీ కట్టింది. దొరగారి అసలు ఇల్లు 1912కి గానీ తయారవలేదు. అప్పటికి ఆ ఇల్లాలే లేదు, 1909లోనే ఇద్దరూ విడిపోయారు. "గుర్రాలకి కోటా, మనుషులకి కోర్టా!" అని నాన్నగారు ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నారు.

1917లో ఆ ఎస్టేట్‌ని గనుల వ్యాపారి డేనియల్ గుగ్గెన్‌హైమ్ కొని పెద్ద భవనానికి హెంప్‌స్టెడ్ హౌస్ అని పేరు పెట్టాడు. టైటానిక్‌లో మునిగిపోయిన బెంజమిన్ గుగ్గెన్‌హైమ్ ఈయన తమ్ముడే. ఇంజినీర్లున్న ఇళ్ళకి ఇక్కడో ఆకర్షణ ఉంది. 1926లో విమానశాస్త్రం కోసం 25 లక్షల డాలర్లతో నిధి పెట్టింది, రాకెట్ల మీద పనిచేస్తున్న రాబర్ట్ గొడార్డ్‌కి లోకం నవ్వుతున్న రోజుల్లో డబ్బిచ్చిందీ ఈ కుటుంబమే. డేనియల్ కొడుకు హ్యారీ 1923లో అదే స్థలంలో, గట్టు అంచున, ఫ్రాన్స్‌లోని నార్మండీ పల్లె భవంతుల తరహాలో ఫలేజ్ అనే ఇల్లు కట్టుకున్నాడు. ఫ్రెంచిలో ఆ మాటకి అర్థమే కొండగట్టు. 1927లో అట్లాంటిక్ దాటి వచ్చిన చార్లెస్ లిండ్‌బర్గ్ ఆ ప్రయాణం గురించిన పుస్తకం రాసుకున్నది ఈ ఇంట్లోనే. హ్యారీ 1971లో పోతూ పోతూ ఇంటిని నసావు కౌంటీకి రాసిచ్చాడు. అందుకే లోపల సామాను కూడా ఆయన వాడినట్టే ఉంటుంది.

ఒక చిక్కు ఉంది. ఫలేజ్ లోపలికి టూర్‌తోనే వెళ్ళాలి, అదీ వేసవి నుంచి శరత్కాలం దాకా మాత్రమే, వారంలో కొన్ని రోజులే. ఆ ఇంటి కోసమే వెళ్తుంటే టికెట్ దొరికాక మిగతా రోజు ప్లాన్ చేసుకోండి. హెంప్‌స్టెడ్ హౌస్‌ని పెళ్ళిళ్ళకీ షూటింగులకీ అద్దెకిస్తారు. మనం వెళ్ళిన రోజు లోపల ఎవరిదో పెళ్ళి జరుగుతుంటే బయటి నుంచే చూసి రావాలి. మా అమ్మ మాత్రం ఆ పెళ్ళే టూర్ కన్నా బాగుందంది.

కారు లేనివాళ్ళకి కూడా ఇదే సులువు. న్యూయార్క్ పెన్ స్టేషన్ నుంచి గానీ గ్రాండ్ సెంట్రల్ నుంచి గానీ లాంగ్ ఐలాండ్ రైల్‌రోడ్ ఎక్కితే, పోర్ట్ వాషింగ్టన్ దాని లైన్‌కి చివరి స్టేషన్. జమైకాలో మారే గొడవ లేదు, నిద్రపోయినా దాటిపోయే భయం లేదు. అక్కణ్ణుంచి మూడు మైళ్ళో ఎంతో, టాక్సీ పట్టుకోవాలి. కామ్‌సెట్‌కైతే రైలు దిగాక టాక్సీ దూరం ఇంకా ఎక్కువ, తిరిగొచ్చేటప్పుడు బండి దొరకడం మన అదృష్టం.

ఇక కామ్‌సెట్. మొదటి రోజు మమ్మల్ని ఓడించినా, మనసులో నా మొదటి స్థానం దీనిదే. దాదాపు 1,500 ఎకరాలు, అంటే సాండ్స్ పాయింట్‌కి ఏడింతలు. షికాగోలో డిపార్ట్‌మెంట్ స్టోర్ పెట్టిన మార్షల్ ఫీల్డ్ మనవడు, మూడో మార్షల్ ఫీల్డ్, 1921లో లాయిడ్ నెక్ అనే ఈ ముక్కుభూమిలో స్థలం కొని పొలాలు, పాడి, పోలో గుర్రాలు, వేట అన్నీ ఒకేచోట ఉండేలా ఎస్టేట్ పెట్టాడు. 1961లో న్యూయార్క్ రాష్ట్రం కొన్నది. కామ్‌సెట్ అన్నది ఇక్కడి మాటినికాక్ తెగవాళ్ళ మాట, "వాడి రాయి దగ్గరి చోటు" అని అర్థం. ఒడ్డున ఉన్న బండల్ని చూస్తే పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక్కడ భవనం లోపల రోజూ చూపించే టూర్లు ఏమీ ఉండవు. బయట నుంచి చూడటమే. కాబట్టి ఇల్లు చూడాలని వచ్చేవాళ్ళు నిరాశ పడతారు. నడవడానికి వచ్చేవాళ్ళకి మాత్రం దీనికి సాటి లేదు. మూడు మైళ్ళ తారు బాట ఒక చుట్టు తిరుగుతుంది, దాని మీద కార్లు రావు. సైకిళ్ళు తెచ్చుకోవచ్చు, పిల్లలకి సైకిల్ నేర్పడానికి ఇంతకన్నా మంచి చోటు నేను చూడలేదు. స్ట్రోలర్ హాయిగా వెళ్తుంది. మా చిన్నాడు కాళ్ళు ఆనించకుండా మొదటిసారి తొక్కింది ఈ బాట మీదే, మరుక్షణమే పొదలో పడిందీ ఇక్కడే. రెండోసారి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళినప్పుడు మడతకుర్చీలు పట్టుకెళ్ళి వాళ్ళని పచ్చిక బీడు దగ్గర నీడలో కూర్చోబెట్టి, మేం సముద్రం దాకా వెళ్ళొచ్చాం. వాళ్ళకి ఆ సాయంత్రమే బాగా గుర్తుండిపోయింది. ఎదురుగా గుర్రాలు మేస్తున్నాయి, పక్కన పులిహోర డబ్బా ఉంది, ఇంకేం కావాలి.

ఈ స్థలంలోనే 1711లో హెన్రీ లాయిడ్ కట్టిన ఇల్లు ఉంది. అదే ఏడు లాయిడ్ కుటుంబానికి బానిసగా పుట్టిన జుపిటర్ హామన్, 1761లో తన పద్యాన్ని అచ్చులో చూసుకున్నాడు. అమెరికాలో అచ్చయిన మొదటి నల్లజాతి కవిగా ఆయన్ని చెప్పుకుంటారు. జీవితమంతా బానిసగానే ఉండిపోయాడు. పోలో గుర్రాల శాల ముందు ఫోటోలు దిగే జనంలో ఆ చిన్న ఇంటివైపు తిరిగేవాళ్ళు తక్కువ. మీరు వెళ్తే ఒక్క పది నిమిషాలు అక్కడ ఆగండి.

రాష్ట్ర పార్కు కాబట్టి ఇక్కడ కారుకి రుసుం ఉంటుంది, న్యూయార్క్ రాష్ట్ర పార్కులకి ఇచ్చే ఎంపైర్ పాస్ ఉన్నవాళ్ళకి అది పనిచేస్తుంది. కుక్కలకి ప్రవేశం లేదు. కుక్కతో వెళ్ళాలంటే సాండ్స్ పాయింట్ చూసుకోండి, అక్కడ గొలుసు వేసి తిప్పొచ్చు. రెండుచోట్లా ఈతకి మాత్రం అనుమతి లేదు. పిల్లలు స్విమ్‌సూట్లు సర్దేలోపే ఈ మాట చెప్పేయండి, ఇంట్లో శాంతిగా ఉంటుంది.

ఇంటి లోపలి భాగాలే మీకు ముఖ్యమైతే సాగమోర్ హిల్. ఇది గోల్డ్ కోస్ట్ డాబు చూపించే ఇల్లు కాదు, అమెరికా 26వ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1885 నుంచి 1919 జనవరి 6న చనిపోయేదాకా కాపురమున్న ఇల్లు. ఆరుగురు పిల్లలు పరుగెత్తిన ఇల్లు. 1902 నుంచి 1908 దాకా వేసవిలో దేశం ఇక్కణ్ణుంచే నడిచింది. 1905లో రష్యా, జపాన్ రాయబారులతో విడివిడిగా మాట్లాడి సంధికి దారి చేసింది ఇక్కడే. దానికే 1906లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. గోడల నిండా వేటాడిన జంతువుల తలలు, ఏనుగు దంతాలు. వాటిని చూసి అమ్మ "ఇన్ని ప్రాణాలు గోడకెక్కించినాయనకి శాంతి బహుమతా?" అని నా చెవిలో అంది. దాదాపు 23 కోట్ల ఎకరాల అడవుల్నీ ప్రభుత్వ భూముల్నీ కాపాడిందీ ఆయనేనని చెప్పాను. "అయితే చేసిన పాపానికి ప్రాయశ్చిత్తం అన్నమాట" అంది. వేటగాళ్ళ మీద ఆవిడ తీర్పు ఇప్పటికీ మారలేదు.

ఇల్లు చూడాలంటే రేంజర్ టూర్ టికెట్ తప్పనిసరి, రద్దీ రోజుల్లో ఆన్‌లైన్‌లో ముందే అయిపోతుంది. బయట ఆవరణ, అడవి బాట ఉచితం. పై అంతస్తులకి మెట్లు తప్పవు, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. నీళ్ళ సంగతికొస్తే, ఇంటి దగ్గర నుంచి సముద్రం కనిపిస్తుందని ఆశపడకండి. అప్పటి పొలాలు ఇప్పుడు అడవయ్యాయి. ఓక్ చెట్ల మధ్య బాట పల్లంలోకి దిగి, ఉప్పుమడ మీద కట్టిన చెక్క వంతెన దాటాక కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ఒడ్డు వస్తుంది. అడవిలో చిన్న నడక కావాలంటే నాకు బాగా నచ్చింది ఇదే. కిందికి దిగుతుంటే ఎంత హుషారుగా ఉంటుందో ఎక్కేటప్పుడు అంత ఆయాసం. చరిత్ర ఇష్టమై, కాళ్ళలో సత్తువ ఉన్న కాలేజీ వయసువాళ్ళకి ఇదే చెప్తాను. ఆయన సమాధి దగ్గర్లోనే, యంగ్స్ స్మశానంలో ఉంది. దానికి సరిగ్గా 26 మెట్లు.

సెంటర్‌పోర్ట్‌లోని వాండర్‌బిల్ట్ మ్యూజియం గురించి ఎక్కువ చెప్పను. వాన పడే రోజుకి, పదేళ్ళలోపు పిల్లలకి అదే సరైనది. 43 ఎకరాలు, 24 గదుల స్పానిష్ తరహా భవనం, నార్త్‌పోర్ట్ బే మీదికి చూపు. ఇక్కడ నీళ్ళు చూడటానికే అనుకుని వెళ్ళండి. యజమాని రెండో విలియం వాండర్‌బిల్ట్‌కి కార్లూ ఓడలూ పిచ్చి. సముద్రాలు తిరిగి చేపల్నీ, గవ్వల్నీ, ఆఖరికి ఒక ఈజిప్ట్ మమ్మీని కూడా తెచ్చి ఇంటినే మ్యూజియం చేశాడు. 32 అడుగుల వేల్ షార్క్‌ని చూసి మా చిన్నాడు నోరు తెరిచినవాడు మళ్ళీ కారెక్కాకే మూశాడు. 1971లో తెరిచిన ప్లానెటేరియం కూడా ఆవరణలోనే ఉంది. ఒడ్డున నడక, అడవి కావాలనుకునేవాళ్ళకి మాత్రం ఇది చాలదు.

ఫిబ్రవరిలో చుట్టాలు దిగితే ఏం చేస్తారు? అప్పుడు నీళ్ళ సంగతి మర్చిపోయి ఆయిస్టర్ బే దగ్గరి ప్లాంటింగ్ ఫీల్డ్స్‌కి వెళ్ళండి. అది తీరం మీద లేదు గానీ, 409 ఎకరాల ఆ తోటలో కెమీలియాల గాజు ఇల్లు ఉంది. బయట మంచు, లోపల ఎర్రగా తెల్లగా పూలు. మా అమ్మ రెండోసారి చలికాలంలో వచ్చినప్పుడు నన్ను కాపాడింది ఆ పూలే.

ఎక్కడికి వెళ్ళినా ఆటుపోట్ల వేళలు చూసుకోవడం మర్చిపోకండి. దీన్ని ఎవరూ చెప్పరు. సౌండ్ పడమటి కొసకి ఇరుకవుతూ రావడం వల్ల అక్కడ పోటుకీ పాటుకీ నీటిమట్టంలో దాదాపు 7 అడుగుల తేడా ఉంటుంది. సాండ్స్ పాయింట్‌లో పోటు వేళకి వెళ్తే ఒడ్డు సన్నగా మిగిలి, నడవడానికి బండలే ఉంటాయి. పాటు వేళకి వెళ్తే గవ్వలూ నత్తలూ ఏరుకుంటూ గంటసేపు తిరగొచ్చు. ఈ వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి పోయిన వారం లెక్క ఈ వారం పనికిరాదు. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) వెబ్‌సైట్‌లో ఊరి పేరు కొడితే ఆ రోజు వేళలు వస్తాయి. మే, జూన్ నెలల్లో పౌర్ణమికీ అమావాస్యకీ దగ్గరి రాత్రుల్లో పోటు వేళ హార్స్‌షూ పీతలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి. మర్నాడు పొద్దున వెళ్తే వాటిలో కొన్ని వెల్లకిలా పడి కనిపిస్తాయి. తోక పట్టి లాగకుండా డిప్ప పక్కలు పట్టుకుని బోర్లా తిప్పితే అవే నీళ్ళలోకి వెళ్ళిపోతాయి. కుట్టవు, కరవవు.

కుట్టేవి వేరే ఉన్నాయి. మన పశువులకి పట్టే పిడుదుల జాతి టిక్స్ ఈ అడవులన్నింట్లో ఉన్నాయి. లైమ్ జబ్బు తెచ్చేవి వాటిలో ఒక రకం. జబ్బుకా పేరు సౌండ్‌కి అవతల, కనెక్టికట్‌లో ఉన్న లైమ్ అనే ఊరి నుంచి వచ్చింది. మే నుంచి జూలై దాకా దాని పిల్ల పురుగులు గసగసాలంత ఉంటాయి, చూసినా పుట్టుమచ్చ అనుకుంటాం. బాట మధ్యలోనే నడవండి, పొడుగు గడ్డిలోకి దిగకండి, లేతరంగు ప్యాంటు వేసుకుని అంచులు సాక్సులో దోపండి. చీరతో వచ్చే అమ్మలకి కూడా ఆ రోజుకి ప్యాంటో, సాక్సులతో సల్వారో వేయించండి. ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టు మొదట్లో వెతకాలి. అది ఒంటిని పట్టుకుని ఒక రోజు పైగా ఉంటే గానీ సాధారణంగా జబ్బు ఎక్కదు కాబట్టి ఆ రాత్రే పట్టకారుతో తీసేస్తే చాలావరకు గండం గడిచినట్టే. తర్వాత ఎర్రటి వలయంలా దద్దు వచ్చినా, జ్వరం వచ్చినా డాక్టరుకి అడవికి వెళ్ళిన సంగతి చెప్పండి. ముట్టుకుంటే దురదా దద్దుర్లూ తెచ్చే, మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీ మొక్కని కూడా పిల్లలకి ముందే చూపించండి.

న్యూజెర్సీ నుంచి వచ్చేవాళ్ళు వంతెనల టోల్ లెక్కలో వేసుకోవాలి, ఎడిసన్ నుంచి గోథల్స్, వెరజానో రెండూ తగులుతాయి. ఆ దూరానికి తోడు కామ్‌సెట్, సెంటర్‌పోర్ట్ ఇంకా తూర్పున ఉన్నాయి. పొద్దున ఎనిమిదికి ఇంట్లోంచి కదల్లేని కుటుంబమైతే సాండ్స్ పాయింట్ దగ్గరే ఆగిపోండి. ఒకే రోజు రెండు చూడాలన్న ఆశ ఉంటే సాగమోర్ హిల్‌నీ ప్లాంటింగ్ ఫీల్డ్స్‌నీ కలపండి, రెండూ ఆయిస్టర్ బే చుట్టుపక్కలే. కామ్‌సెట్‌తో దేన్నీ కలపకండి. అది రోజంతా తినేస్తుంది, పైగా మడతకుర్చీలు కారులోంచి దించడానికే అరగంట పడుతుంది.